కాలేజీ ప్లానింగ్ ప్యాకేజీ రివ్యూ: ఫ్యాకల్టీ పోర్టల్ తీసుకోవచ్చు, ప్లాన్‌కి మాత్రం డబ్బు కట్టకండి

ముందే మార్కులు చెప్పేస్తాను, మొత్తం చదివే ఓపిక లేనివాళ్ళ కోసం. ఫ్యాకల్టీ పోర్టల్‌కి, అంటే అధ్యాపకుల సర్వీసు, ప్రమోషన్, సెలవుల వివరాలు చూసే సాఫ్ట్‌వేర్‌కి, 5కి 3.5. కాలేజీ భవిష్యత్తు గురించి వాళ్ళు రాసిచ్చే స్ట్రాటజిక్ ప్లాన్ పుస్తకానికి 1, ఆ ఒక్కటీ బైండింగ్‌కి. రెండూ కలిపి ఒకే ప్యాకేజీగా అమ్ముతారు, విడిగా ఇవ్వం అంటారు, గట్టిగా అడిగితే ఇస్తారు.

కంపెనీ పేరు రాయను. ఇలాంటివాళ్ళు మార్కెట్లో చాలామంది ఉన్నారు, డెమోలో అందరి స్క్రీన్లూ ఒకేలా మెరుస్తాయి, కొనేముందు ఏం అడగాలో తెలిస్తే పేరుతో పనిలేదు. నేను మా డిపార్ట్‌మెంట్ తరఫున ఐక్యూఏసీలో, అంటే కాలేజీ లోపలి నాణ్యతా విభాగంలో, ఉన్నాను కాబట్టి డెమో నుంచి రెన్యువల్ దాకా అన్నీ దగ్గరుండి చూశాను, తోటివాళ్ళ తిట్లు కూడా నాకే వచ్చాయి.

మాది తెలంగాణలో ఓ రాష్ట్ర యూనివర్సిటీ సొంత ఇంజినీరింగ్ కాలేజీ. అఫిలియేటెడ్ కాదు, యూనివర్సిటీ కాలేజీ. బయటివాళ్ళకి ఈ తేడా పెద్దగా కనిపించదు గానీ ఈ ప్యాకేజీలో సగం ఇబ్బందులు దాంతోనే వచ్చాయి. ప్రైవేటు కాలేజీలో మేనేజ్‌మెంట్ తలుచుకుంటే సోమవారం పోస్టు పుడుతుంది, గురువారం ఇంటర్వ్యూ అయిపోతుంది. మా ప్రిన్సిపాల్‌కి టైంటేబుల్ మార్చే అధికారం ఉంది, పోస్టు పుట్టించే అధికారం లేదు. పోస్టు మంజూరు చేసేది ప్రభుత్వం, నియామకానికి ఆమోదం చెప్పేది ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్, ఫైలు తిరిగేది రిజిస్ట్రార్ ఆఫీసు ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లో, జీతాలొచ్చేది ప్రభుత్వమిచ్చే బ్లాక్ గ్రాంట్ నుంచి. ఐఐటీల్లో ఉన్నట్టు 'డీన్, ఫ్యాకల్టీ అఫైర్స్' అనే కుర్చీ మా దగ్గర లేదు, ఆ పని ఓ సూపరింటెండెంట్ గారు, ఇద్దరు అసిస్టెంట్లు, నాలుగు బీరువాలు కలిసి చేస్తుంటారు, మరీ చెడ్డగా కూడా చేయరు. సాఫ్ట్‌వేర్ మాత్రం ఆ డీన్ ఉంటాడనుకునే తయారైంది. మొదటిసారి లాగిన్ అయినప్పుడు నా సెలవు చీటీ ఆమోదించాల్సిన వ్యక్తి స్థానంలో 'చీఫ్ హెచ్‌ఆర్ ఆఫీసర్' అని ఉంది. దాన్ని ప్రిన్సిపాల్‌గా మార్పించడానికే ఓ టికెట్ పెట్టాల్సొచ్చింది.

ఎందుకు కొన్నాం అంటే, నిజం చెప్పాలంటే న్యాక్ కోసం, అంటే తనిఖీ చేసి కాలేజీలకి గ్రేడ్లిచ్చే జాతీయ సంస్థ కోసం. న్యాక్ ఏడు క్రైటీరియాల్లో ఆరోది పరిపాలన, నాయకత్వం, నిర్వహణ. అందులో 6.2 స్ట్రాటజీ తయారీ, అమలు గురించి, 6.3 అధ్యాపకుల సంక్షేమం, శిక్షణ గురించి. దానికి తోడు నూతన విద్యావిధానం వచ్చాక ప్రతి సంస్థకీ ఇన్‌స్టిట్యూషనల్ డెవలప్‌మెంట్ ప్లాన్ ఉండాలన్నారు, 2024లో యూజీసీ (యూనివర్సిటీలకి నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ) దానికి మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. సీనియర్లకి ఐడీపీ కొత్తేం కాదు, ప్రపంచ బ్యాంకు నిధులతో ఇంజినీరింగ్ కాలేజీల కోసం నడిచిన టెక్విప్ పథకం రోజుల్లో ఈ పేరుతో కట్టలు కట్టలు రాసినవాళ్ళే. కానీ వాళ్ళలో సగంమంది రిటైరయ్యారు, ఉన్నవాళ్ళకి రాసే ఓపిక లేదు, 'బయటివాళ్ళకి ఇచ్చేద్దాం' అని మీటింగులో ఎవరో అంటే అందరూ తలూపారు.

ప్లాన్ గురించి త్వరగా చెప్పేసి ముందుకెళ్తాను, ఎందుకంటే అందులో చెప్పడానికి ఎక్కువ సరుకు లేదు. ఇద్దరు కుర్రాళ్ళు టై కట్టుకుని వచ్చారు, మర్యాదస్తులే. హెచ్‌ఓడీలతో ఓ మీటింగ్, పిల్లలతో ఓ గూగుల్ ఫామ్, పూర్వ విద్యార్థులతో ఓ జూమ్ కాల్. విజన్, మిషన్ వాక్యాల మీద ఓ పూటంతా గడిచింది, 'గ్లోబల్' ముందుండాలా 'ఇంక్లూజివ్' ముందుండాలా అని. తర్వాత పెళ్ళి ఆల్బమ్‌లా మెరిసే అట్టతో పుస్తకం వచ్చింది. అందులో మా కాలేజీ అవకాశాల జాబితాలో 'తీరప్రాంత పరిశ్రమలతో అనుబంధం' అని ఉంది. తెలంగాణలో. సముద్రం చూడాలంటే మేం రైలెక్కాలి. ఏదో కోస్తా కాలేజీకి చేసిన ఫైల్లో పేరు మార్చి ఇచ్చారని అక్కడే అర్థమైపోయింది. అడిగితే 'టైపింగ్ ఎర్రర్ సార్' అన్నారు. టైపింగ్ తప్పుకి సముద్రం ఎలా వస్తుందో నాకైతే తెలీదు.

దాన్నైనా నవ్వి వదిలేయొచ్చు. వదల్లేనిది ఇంకోటి ఉంది. పుస్తకంలో '2030 నాటికి ఫ్యాకల్టీ సంఖ్య రెట్టింపు' అని లక్ష్యం రాశారు, కింద బాణాలతో గ్రాఫ్ కూడా వేశారు. ఆ మనుషులు ఎక్కణ్ణుంచి వస్తారు? ఈ రాష్ట్రంలో యూనివర్సిటీ నియామకాల చరిత్ర కొంచెం తెలిసినవాడెవడూ ఆ లైను రాయడు. 2022 సెప్టెంబరులో ఉమ్మడి నియామక బోర్డు బిల్లు అసెంబ్లీలో పాసైంది, గవర్నర్ దగ్గరికి వెళ్ళి ఆగిపోయింది. పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌లో 2023 చివర్లో 3,220 పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చారు, అదీ కోర్టు కేసుల్లో పడింది. ఈ మధ్యలో క్లాసులు నడిపిస్తున్నది కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ టీచర్లు. మా లాంటి కాలేజీకి ప్లాన్ అంటే మొదటి పేజీలో ఉండాల్సింది ఒకే ఒక పట్టిక: మంజూరైన పోస్టులెన్ని, ఉన్నవాళ్ళెందరు, ఏ ఏడాది ఏ సబ్జెక్టులో ఎవరు రిటైరవుతున్నారు, వాళ్ళ క్లాసులు, పీహెచ్‌డీ పిల్లలు ఎవరికి వెళ్తారు. మిగతాదంతా దానిమీద ఆధారపడేదే.

రిటైర్మెంట్ పట్టిక వాళ్ళూ ఇచ్చారు, అనుబంధంలో ఎక్కడో. అది కూడా 60 ఏళ్ళ లెక్కతో. 2025 జనవరి చివర్లోనే రాష్ట్ర ప్రభుత్వం యూనివర్సిటీ టీచర్ల రిటైర్మెంట్ వయసు 60 నుంచి 65కి పెంచింది, పేపర్లన్నింటిలో వచ్చింది, మా కాలేజీలో కొందరు ఆ రోజు స్వీట్లు పంచారు. మా పుస్తకం ఆ తర్వాతే వచ్చింది. అంటే పట్టికలో ప్రతి గడీ అయిదేళ్ళు తప్పు. ఇంకో అయిదేళ్ళు పాఠాలు చెప్పబోయే ప్రొఫెసర్ గారు, ఆ పుస్తకం ప్రకారం తను వచ్చే జూన్‌కే వెళ్ళిపోతున్నానని చదువుకుని, 'బాబూ, నన్ను ఇంత తొందరగా పంపిస్తున్నారేంటి' అని ఆ కుర్రాణ్ణి అడిగారు. ఆ అబ్బాయి సారీ చెప్పి సరిచేస్తానన్నాడు. పట్టిక మారింది, దాన్ని బట్టి మారాల్సిన గ్రాఫులు మాత్రం ఇప్పటికీ మారలేదు.

ఇక ఫ్యాకల్టీ పోర్టల్. డబ్బు పెట్టినందుకు ఫలితం కనిపించింది ఇక్కడే.

సీఏఎస్ (కెరీర్ అడ్వాన్స్‌మెంట్ స్కీమ్) ప్రమోషన్ గురించి తెలియనివాళ్ళకి: దీనికి పైన పోస్టు ఖాళీ అవ్వక్కర్లేదు, సర్వీసు, కోర్సులు, పరిశోధన పేపర్లు, అప్రైజల్ అన్నీ కుదిరితే అదే మనిషి పై జీతపు లెవెల్‌కి వెళ్తాడు. 2018 యూజీసీ నిబంధనల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ లెవెల్ 10 నుంచి 11కి వెళ్ళడానికి పీహెచ్‌డీ ఉంటే 4 ఏళ్ళు, ఎంఫిల్ లాంటిదైతే 5, అవేవీ లేకపోతే 6. అక్కణ్ణుంచి 12కి 5 ఏళ్ళు, ఆ తర్వాత 3 ఏళ్ళకి 13ఏ, అంటే అసోసియేట్, మరో 3 ఏళ్ళకి 14, అంటే ప్రొఫెసర్. జీతాల పట్టికలో లెవెల్ 12 మొదటి గడిలో బేసిక్ 79,800, 13ఏ మొదటి గడిలో 1,31,400. ఆ ఒక్క మెట్టు ఎక్కడానికి మనుషులు ఫైళ్ళు చంకలో పెట్టుకుని ఎందుకు తిరుగుతారో ఈ రెండు అంకెలు చూస్తే చాలు.

ఇంతకుముందు ఎలా ఉండేదంటే, అర్హత తేదీ ఎప్పుడో ఎవరికి వాళ్ళే లెక్క వేసుకోవాలి. పదేళ్ళ సర్టిఫికెట్లు వెతికి, జిరాక్సులు తీసి, సెట్లు సెట్లుగా స్పైరల్ బైండింగ్ చేయించి సెక్షన్లో ఇచ్చి ఇన్‌వర్డ్ నంబర్ తెచ్చుకోవాలి. తీరా స్క్రీనింగ్ కమిటీ ముందు 'రిఫ్రెషర్ కోర్సు ఒకటి తక్కువైంది' అంటే మళ్ళీ మొదటికి. పోర్టల్లో ఒక్కసారి వివరాలు ఎక్కిస్తే అర్హత తేదీ ఆరు నెలల ముందే స్క్రీన్ మీద కనిపిస్తుంది, ఏం తక్కువైందో ఎర్ర రంగులో చూపిస్తుంది. మా పక్క డిపార్ట్‌మెంట్ మేడమ్‌కి అలాగే ఓ రిఫ్రెషర్ తక్కువని ముందే తెలిసి, మాలవీయ మిషన్ సెంటర్‌లో ఆన్‌లైన్ కోర్సు పూర్తి చేసి, తేదీ దాటకుండా అప్లై చేశారు. (మాలవీయ మిషన్ సెంటర్ అంటే టీచర్లకి శిక్షణ ఇచ్చే చోటు, నిన్నటిదాకా హెచ్‌ఆర్‌డీసీ, అంతకుముందు అకడమిక్ స్టాఫ్ కాలేజ్. 2023లో మళ్ళీ పేరు మారింది, మా సీనియర్లు ఇప్పటికీ ఏఎస్‌సీ అనే అంటారు.) ఈ ఒక్క సౌకర్యానికే నేను 3 మార్కులు ఇచ్చాను.

ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ వాళ్ళు మొదట్లో దీన్ని ముట్టుకోలేదు. సర్వీస్ రిజిస్టర్ ఉండగా ఇదెందుకు అన్నారు, తప్పేం లేదు, ఆడిట్‌కి చెల్లేది ఎస్సారే. కానీ ఎవరి సర్వీసు వివరాలు అడిగినా పోర్టల్లో వెంటనే దొరకడం చూశాక ఓ అసిస్టెంట్ తనే కూర్చుని పాత ఎంట్రీలన్నీ స్కాన్ చేసి ఎక్కించింది. కంపెనీవాళ్ళు బ్రోచర్లో వేసుకోవాల్సింది ఆవిడ ఫోటో. పాత ఎస్సార్లలో ఇంకుతో రాసిన ఇంక్రిమెంట్ తేదీలు చదవడం ఏ సాఫ్ట్‌వేర్‌కీ చేతకాదు.

ఇప్పుడు తప్పులు. రీసెర్చ్ స్కోరు లెక్క మొదట్లో ఘోరంగా ఉండేది. యూజీసీ పట్టికలో సైన్స్, ఇంజినీరింగ్ పేపర్‌కి 8 పాయింట్లు, భాషలు, హ్యుమానిటీస్, కామర్స్, మేనేజ్‌మెంట్ పేపర్‌కి 10. మాది ఇంజినీరింగ్ కాలేజీయే గానీ ఇంగ్లిష్ టీచర్లూ, ఎంబీఏ టీచర్లూ ఉన్నారు. పోర్టల్ అందరికీ 8 వేసింది. ఇద్దరు కలిసి రాసిన పేపర్‌కి నిబంధన ప్రకారం ఇద్దరికీ చెరో 70 శాతం, ఇద్దరికంటే ఎక్కువమంది ఉంటే మొదటి లేదా ముఖ్య రచయితకి 70, మిగతావాళ్ళలో ఒక్కొక్కరికి 30. పోర్టల్ ఏం చేసిందంటే రచయితల సంఖ్యతో భాగించేసింది. ఇద్దరైతే సగం సగం, అయిదుగురైతే అయిదో వంతు. చూడ్డానికి న్యాయంగానే ఉంది గానీ నిబంధన అది కాదు కదా. సీఏఎస్‌లో అసోసియేట్‌కి కావల్సిన 70 పాయింట్లు, ప్రొఫెసర్‌కి కావల్సిన 110 దగ్గర ఈ తేడాతో అర్హత ఉన్నవాళ్ళు కూడా లేనట్టు కనిపించారు. ఓ సారుకి రెండ్రోజులు నిద్ర లేదు. ఇంగ్లిష్ మేడమ్ గెజిట్ కాపీ తెచ్చి, అండర్‌లైన్ చేసి, స్కాన్ చేసి పంపితే గానీ వాళ్ళు ఒప్పుకోలేదు. ఒప్పుకున్నాక మాత్రం వారంలో మార్చారు, అది మెచ్చుకోవాలి.

ఇంకోటి, ఇంకా సరికానిది: మా కాలేజీలో ఇంజినీరింగ్ సబ్జెక్టులవాళ్ళకి సాంకేతిక విద్యని చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ 2019 నిబంధనలు, మిగతావాళ్ళకి యూజీసీ 2018 నిబంధనలు చూస్తారు. ఏఐసీటీఈ దాంట్లో 360 డిగ్రీల ఫీడ్‌బ్యాక్ అని ఉంది, 100 మార్కులకి: బోధనకి 25, విద్యార్థుల అభిప్రాయానికి 25, డిపార్ట్‌మెంట్ పనులకి 20, కాలేజీ పనులకి 10, పై అధికారి ఏటా రాసే రిపోర్టుకి (ఏసీఆర్) 10, సమాజానికి చేసిన సేవకి 10. పోర్టల్లో ఒక కాలేజీకి ఒకే నిబంధనల సెట్టు పెట్టే వీలుంది. దాంతో ఆ సెట్టులోకి రానివాళ్ళ కోసం మేం ఇప్పటికీ ఎక్సెల్ వాడుతున్నాం. అలాగే 2025 ఫిబ్రవరిలో యూజీసీ తను ఒప్పుకున్న పరిశోధన పత్రికల జాబితాని, అంటే కేర్ లిస్టుని, తీసేసింది, అయినా ఇది పేపర్ ఎక్కించినప్పుడల్లా 'కేర్ లిస్టులో లేదు' అని హెచ్చరిస్తూనే ఉంది. పట్టించుకోకుండా ఓకే నొక్కేయడం అందరికీ అలవాటైపోయింది.

వర్క్‌లోడ్ మాడ్యూల్ చూసి మాత్రం నాకు కోపమొచ్చింది. వారానికి అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి 16 గంటలు, అసోసియేట్, ప్రొఫెసర్లకి 14 గంటల బోధన అనేది దానికి తెలుసు. కాంట్రాక్టు టీచర్ అనేవాడొకడు ఉంటాడని మాత్రం తెలీదు. 'రెగ్యులర్', 'అడ్జంక్ట్' అని రెండే గడులు. ఏళ్ళ తరబడి పనిచేస్తూ, ల్యాబులు, ఇన్విజిలేషన్, అడ్మిషన్ డ్యూటీ అన్నీ మోస్తున్నవాళ్ళని తీసుకెళ్ళి అడ్జంక్ట్‌లో పడేశారు, అంటే నెలకోసారి వచ్చి గెస్ట్ లెక్చర్ ఇచ్చి శాలువా కప్పించుకుని వెళ్ళే పెద్దమనుషుల పక్కన. లోడ్ రిపోర్టు తీస్తే వాళ్ళ గంటలు అందులో రావు, రెగ్యులర్ వాళ్ళు మాత్రమే కాలేజీని మోస్తున్నట్టు కనిపిస్తుంది. ఇది మర్యాద విషయం ఒక్కటే కాదు, లెక్క కూడా తప్పుతుంది. న్యాక్ నిర్వచనంలో విద్యా సంవత్సరమంతా, నిర్ణీత పని గంటల్లో కనీసం 90 శాతం పనిచేసేవాళ్ళు ఫుల్‌టైమ్ టీచర్లే. వాళ్ళని తీసేస్తే ఫ్యాకల్టీ నిష్పత్తి పడిపోతుంది. ఏఐసీటీఈ అడిగేది 20 మంది పిల్లలకి ఒక టీచర్, మాకు ఆ రిపోర్టులో వచ్చిన అంకె బయటపెడితే పరువు పోయేదే. నానా గొడవా పడితే 'కాంట్రాక్ట్' అని మూడో గడి ఇచ్చారు, అదీ అదనపు కస్టమైజేషన్ ఛార్జీతో. పార్ట్‌టైమ్‌కి ఇంకా లేదు.

విద్యార్థుల ఫీడ్‌బ్యాక్ గురించి కొనేవాళ్ళందరూ జాగ్రత్తగా చదవండి. పేర్లు ఎవరికీ తెలియవు, ధైర్యంగా రాయండి అని పిల్లలకి క్లాసు క్లాసుకీ వెళ్ళి చెప్పాం. తర్వాత అడ్మిన్ లాగిన్‌లో ఎక్సెల్ దింపితే చివరి కాలమ్‌లో హాల్‌టికెట్ నంబర్లు. ఎవరు ఎవరికి ఎన్ని మార్కులిచ్చారో, ఏం రాశారో వరసగా ఉంది. ఇంటర్నల్ మార్కులు వేసేది కూడా ఆ టీచర్లే అని గుర్తుంచుకోండి. ఆ ఫైల్ బయటికి పోకముందే ఆపించాం, ఆ కాలమ్ తీయించాం, కానీ వాళ్ళ సర్వర్‌లో అది ఇంకా ఉందా లేదా అనేదానికి ఇచ్చిన సమాధానం నాకు నచ్చలేదు. నేను అర మార్కు ఇచ్చి మళ్ళీ తీసేసింది ఇక్కడే. డెమోలో సేల్స్ అబ్బాయి లాగిన్ కాకుండా అడ్మిన్ లాగిన్ చూపించమనండి, ఫీడ్‌బ్యాక్ డౌన్‌లోడ్ మీ ముందే చేయించండి.

సపోర్ట్ ఫర్వాలేదు. ఫోన్ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, పెద్ద వయసు ప్రొఫెసర్లతో ఓపిగ్గా ఉంటారు. కాకపోతే న్యాక్‌కి ఏటా ఇచ్చే నాణ్యతా నివేదిక (ఏక్యూఏఆర్) పంపాల్సిన డిసెంబరు చివర్లో ఒక్కడూ దొరకడు, అన్ని కాలేజీలూ ఒకేసారి మీద పడతాయి కాబట్టి. మీ పని నవంబరులోనే చేయించుకోండి. మొబైల్ యాప్ ఉంది అంటారు, ఉంది, సెలవు పెట్టడానికి తప్ప దేనికీ పనికిరాదు.

ధర సరిగ్గా చెప్పలేను, ఒప్పందం కాలేజీది. ఓ కాంట్రాక్టు టీచర్ ఏడాది జీతం కంటే ఎక్కువే అని చెప్పగలను, అందులో పెద్ద వాటా ప్లాన్ పుస్తకానిది. ఒప్పందంలో ఒక లైను తప్పకుండా చూసుకోండి: సబ్‌స్క్రిప్షన్ ఆపేస్తే డేటా ఏ రూపంలో ఇస్తారు. మా దాంట్లో మొదట 'రిపోర్టులు పీడీఎఫ్ రూపంలో' అని రాశారు. వందమంది సర్వీసు వివరాలు పీడీఎఫ్‌లో ఇస్తే మళ్ళీ టైపు చేసేదెవరు? ఎక్సెల్ అని మార్పించాకే సంతకం పెట్టించాం. ఇంకో మాట, మీది ప్రభుత్వ సంస్థ అయితే బయట కొనేముందు సమర్థ్ అనే సాఫ్ట్‌వేర్ గురించి కనుక్కోండి, కేంద్ర విద్యాశాఖ పథకం కింద ఢిల్లీ యూనివర్సిటీ తయారుచేసింది, సెలవులు, నియామకాలు, ఉద్యోగుల వివరాలు ఇలా చాలా మాడ్యూళ్ళు ఉన్నాయి. మాకు ఆ పేరు కొన్నాకే ఎవరో చెప్పారు.

డెమోకి వచ్చినవాళ్ళలో ఇంకో కంపెనీ మనిషి, ఇది కాదు, టీ తాగుతూ 'గ్రేడ్ సంగతి కూడా మేం చూసుకుంటాం సార్' అన్నాడు. 2025 ఫిబ్రవరిలో లంచం కేసులో న్యాక్ తనిఖీ బృందంలోని వాళ్ళనే సీబీఐ అరెస్టు చేసింది, అదీ మన తెలుగు నేల మీది యూనివర్సిటీ తనిఖీ విషయంలోనే. గ్రేడ్ మాట ఎత్తినవాడికి టీ పూర్తయ్యేదాకా కూడా ఆగకండి.

ఎవరికి పనికొస్తుంది అంటే, రెగ్యులర్ టీచర్లు బాగానే ఉండి, ప్రమోషన్ ఫైళ్ళు పేరుకుపోయిన పాత కాలేజీలకి పోర్టల్ బాగా పనికొస్తుంది. ఖాళీలే ఎక్కువగా ఉన్న కొత్త యూనివర్సిటీ కాలేజీలకి పెద్దగా ఉపయోగం ఉండదు, ఎక్కించడానికి సరిపడా మనుషులే ఉండరు. ప్లాన్ మాత్రం ఎవరూ కొనొద్దు. మేం చివరికి ఏం చేశామంటే, పోర్టల్లోంచి పుట్టిన తేదీలు, సబ్జెక్టులు, పీహెచ్‌డీ గైడ్ల వివరాలు ఎక్సెల్‌లోకి దింపి, 65 ఏళ్ళ లెక్కతో రాబోయే పదేళ్ళ పట్టిక మేమే వేసుకున్నాం. రెండు సాయంత్రాల పని. పోస్టులు వచ్చినా రాకపోయినా, సర్వే ల్యాబ్ నడపడానికి తెలిసిన మనిషి ఏ ఏడాది తర్వాత ఉండడో మొదటిసారి అందరికీ కనిపించింది, దాంతో ఆ సారు దగ్గర ఇద్దరు కాంట్రాక్టు టీచర్లని ఈ సెమిస్టర్ నుంచే ల్యాబ్‌లో కూర్చోబెట్టారు. మెరిసే అట్ట పుస్తకంలో ఈ ఊసే లేదు.

రెన్యువల్ ఫైలు మీద 'పోర్టల్ కొనసాగించవచ్చు, ప్లాన్ వార్షిక అప్‌డేట్ అవసరం లేదు' అని నోట్ రాసి పంపాను. విడిగా ఇవ్వం అన్న కంపెనీ ఆ నోట్ సంగతి తెలిశాక విడి రేటు కొటేషన్ పంపింది. ఫైలు ఇప్పుడు ఫైనాన్స్ ఆఫీసర్ గారి టేబుల్ మీద ఉంది, ఆయన పార్ట్‌టైమ్ గడి ఉచితంగా ఇస్తేనే సంతకం అంటున్నారు.